ఆదర్శ కాలనీ వైన్స్‌ను ఓడించిన వైనం

తన కంఠంలో ప్రాణం ఉండగా ఆదర్శ కాలనీలో మద్యం చుక్క అమ్మనివ్వనని మాజీ కౌన్సిలర్ జగదీశ్ గారు ప్రకటించారు. సూర్యాపేటలోని ఆయన ఇంటి పోర్టికోలో, ఆదివారం పొద్దున, విలేకరుల సమక్షంలో ఈ ప్రకటన వెలువడింది. ఆ సమయానికి ఆయన కంఠంలో ప్రాణంతో పాటు కొంచెం ఉప్మా కూడా ఉండటం వల్ల ప్రకటనను రెండోసారి చేయవలసి వచ్చింది. రెండోసారి ఇంకా బాగా వచ్చిందని విలేకరులు అన్నారు.

జగదీశ్ గారు కిందటి ఎన్నికల్లో ఓడిపోయారు. ఓడిన నాయకుడు ప్రజలకు దూరమవుతాడంటారు కానీ, ఈయన విషయంలో ప్రజలే ఆయనకు దూరమయ్యారు. మోరీ పొంగినా ఎవరూ ఫోన్ చేసేవారు కాదు. పెళ్లి కార్డులు వచ్చేవి గానీ వాటి మీద ఆయన పేరు ముందు ముఖ్య అతిథి అని ఉండేది కాదు. ప్రజలకు తన అవసరం ఉందని రుజువు చేయడానికి ఆయన చాలా కష్టపడ్డారు. కోతుల బెడద తీరుస్తానని కాలనీ కోతులను పట్టించి మోతె ఊరి దగ్గర వదిలిపెట్టించారు. మోతె వాళ్లు వాటిని ట్రాలీలో ఎక్కించుకొచ్చి ఆయన గేటు ముందే దించి పోయారు. ఆ తర్వాత కొన్నాళ్లు ఆయన ఏ సమస్య జోలికీ పోలేదు.

అలాంటి రోజుల్లో కాలనీ మూలమీద కట్టిన కొత్త బిల్డింగుకు ఒక బోర్డు ఎక్కింది. ‘లహరి ఫ్యామిలీ మార్ట్ అండ్ వైన్స్’. కోదాడకు చెందిన మహేష్ అనే వ్యాపారికి లక్కీ డ్రాలో లైసెన్సు తగిలింది. లహరి ఆయన కూతురు. ముందు సగంలో పాల ప్యాకెట్లు, కరివేపాకు, సబ్బులు అమ్ముతారు. వెనక సగంలో అద్దాల వెనక మద్యం అమ్ముతారు. సంసారి మనిషి రెండు చోట్లకు తిరగాల్సిన పని ఉండదు. ఆ బోర్డు చూసిన క్షణంలో జగదీశ్ గారి కళ్లు చెమర్చాయి. మున్సిపల్ ఎన్నికలు దగ్గర పడుతున్న వేళ మహేష్ లాంటి వాళ్లు ఉన్నారు కాబట్టే ఈ దేశంలో ఇంకా పోరాటాలు నడుస్తున్నాయని ఆయన భార్య యాదమ్మతో అన్నారు.

ప్రకటన తర్వాత కాలనీ కమ్యూనిటీ హాల్లో సమావేశం జరిగింది. కాలనీ సంఘం అధ్యక్షులు, రిటైర్డ్ హెడ్మాస్టరు శంకరయ్య గారు అధ్యక్షత వహించారు. చర్చ చాలా ఉన్నత స్థాయిలో సాగింది. మద్యం వద్దు గానీ పాల ప్యాకెట్లకు చాలా దూరం పోవాల్సి వస్తోంది కాబట్టి మార్ట్ ఉండనివ్వాలని ఒక బ్యాంకు రిటైర్డ్ ఆఫీసరు అన్నారు. మార్ట్ వస్తే కిరాణం నడుపుకునే చిన్నవాళ్లు నష్టపోతారు కాబట్టి మార్ట్ ఒక్కటే వద్దని ఇంకొకాయన అన్నారు. మరి మిగతా సగం సంగతి ఏమిటని ఎవరూ ఆయన్ని అడగలేదు. ఇప్పుడు మగవాళ్లు హైవే దాటి పోయి తాగి, లారీల నడుమ నుంచి తిరిగి వస్తున్నారనీ, ఇక్కడే ఉంటే ఇల్లాళ్లకు ఆ బెంగ ఉండదనీ, అయినా తాను వ్యతిరేకమేననీ ఒక బీమా ఏజెంటు వివరించాడు. ఇంటి నుంచే కంప్యూటర్ ఉద్యోగం చేసే కుర్రాడొకడు, హోం డెలివరీ ఉంటుందా అని అడిగాడు. ప్రమాదం ఎంతవరకు వస్తుందో తెలుసుకోవడానికి అడిగానని వెంటనే చెప్పాడు.

చివరికి శంకరయ్య గారు లేచి అసలు విషయం తేల్చారు.

“మనోళ్లు తాగినా పద్ధతి తోటి తాగుతరు. బాధంతా బయటోళ్లతోనే,” అన్నారు.

చేతులెత్తమంటే హాలంతా చేతులెత్తింది. తీర్మానం ఏకగ్రీవమైంది. సమావేశం ముగిశాక మెట్ల దగ్గర ఒక్కొక్కరే జగదీశ్ గారిని పక్కకు పిలిచి, ఓపెనింగ్ ఎప్పుడని, పొద్దున ఎన్నింటికి తీస్తారని అడిగారు. శత్రువు సంగతులు ఇంత శ్రద్ధగా తెలుసుకుంటున్న జనాన్ని చూసి ఆయన ఉప్పొంగిపోయారు. అయితే టెంటు కింద ఎవరు కూర్చుంటారని ఆయన అడిగినప్పుడు ఒకరికి షుగరు, ఒకరికి నడుము నొప్పి, ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఉద్యోగం అడ్డొచ్చాయి. శంకరయ్య గారు ప్రారంభోపన్యాసం ఇస్తానన్నారు.

పోరాటానికి మనుషులు కావాలి. జగదీశ్ గారు కాలనీ చివరనున్న నాలా దాటి అవతలి ఇందిరమ్మ లైన్‌కు వెళ్లారు. లైన్ అంటే ఒకే వరుసలో కట్టిన ఇందిరమ్మ ఇళ్లు, చివర ఒక చిన్న చర్చి. అక్కడి ఆడవాళ్లకు పెద్ద దిక్కు సువార్తమ్మ. చివ్వెంల వైపు పత్తి ఏరడానికి పోయొచ్చి ఆటో దిగి, ఇంటి ముందు నీళ్ల గోలెం దగ్గర చేతులు కడుక్కుంటోంది. ఆయన్ని చూసి కుర్చీ తెచ్చి వేసింది. కుర్చీ ఒక కాలు పొట్టిది కావడం వల్ల జగదీశ్ గారు మద్యపాన సమస్య మొత్తాన్ని ఒక పక్కకు ఒరిగి వివరించారు.

ఆమె అంతా విని, “మా కొడుకు సుధీర్ పోయిన ఈస్టర్ సంది మందు ముడతలేడు పటేలా,” అంది. “చర్చిల అందరి ముందర ఒట్టు పెట్టుకున్నడు. అంతకు ముందు దవాఖానల పడుంటే వాడు బతుకుతడని ఎవ్వలు అనలే. గిప్పుడు నాలా దాటంగనే షాపుంటే వాని కాళ్లు ఆగుతయా? మేం వస్తం. కూలి పోయినా వస్తం.”

ఆ మాటలు వింటుంటే జగదీశ్ గారి ఛాతీలో ఏదో కదిలినట్టయింది. ప్రజాజీవితంలో అలాంటిది ఆయనకు మునుపెన్నడూ జరగలేదు. ఇంటికి పోయి యాదమ్మతో చెబితే ఆమె నిమ్మకాయ సోడా కలిపి ఇచ్చింది. తగ్గింది.

కాలనీలో షాపు వద్దని అందరిచేత కాగితం మీద సంతకాలు పెట్టించి, టెంటు వేశారు. శంకరయ్య గారు మద్యం వల్ల కాలేయానికి కలిగే నష్టాల మీద అనర్గళంగా మాట్లాడి, బీపీ మాత్ర వేళ అవుతోందని వెళ్లిపోయారు. కాలనీవాసులు బాల్కనీల నుంచి సంఘీభావం తెలిపారు. బండ్ల మీద పోయేవాళ్లు ఆపకుండానే పిడికిలి చూపించి పోయారు. జగదీశ్ గారు స్వయంగా నిరాహార దీక్షకు కూర్చున్నారు. రోజూ టిఫిన్ అయ్యాక మొదలై భోజనం వేళకు ముగిసే ఈ దీక్ష ఒక్కరోజు కూడా తప్పలేదు. మిగిలిన సమయమంతా టెంటు కింద సువార్తమ్మ, పోచమ్మ, బక్కమ్మ, లైన్‌లోని తక్కిన ఆడవాళ్లు కూర్చున్నారు. పొద్దున కూలి ఆటో వచ్చి హారన్ కొట్టి, ఎవరూ ఎక్కకపోయేసరికి ఖాళీగా పోయేది.

ఒకరోజు కోదాడ నుంచి అద్దాల బీరువాలతో డీసీఎం వ్యాను వచ్చింది. డ్రైవరు ఆపుతాడో లేదో కూడా చూడకుండా సువార్తమ్మ పోయి దాని ముందు పడుకుంది. టైరు ఆమె కొంగు మీదికి వచ్చి ఆగింది. డ్రైవరు దిగి రోడ్డు మీద కూర్చుండిపోయాడు. వ్యాను వెనక్కి పోయింది. ఆ సమయంలో జగదీశ్ గారు ఇడ్లీ తింటున్నారు. ఇంత ముఖ్యమైన ఘట్టం ప్రజలకు అందకుండా పోకూడదని ఆయన మహేష్‌కు ఫోన్ చేసి మర్నాడు ఆ వ్యానును మళ్లీ పంపించమన్నారు. మహేష్ మంచివాడు, పంపించాడు. వ్యాను ముందు చేయి అడ్డం పెట్టి నిలబడ్డ జగదీశ్ గారి ఫోటో జిల్లా పేజీలో వచ్చింది. పక్కన సువార్తమ్మ మోచేయి కూడా పడింది.

ఫోటో వచ్చిన రోజే మహేష్ మాట్లాడాలన్నాడు. ఇద్దరికీ అనుకూలంగా ఉంటుందని మిర్యాలగూడలో, జగదీశ్ గారి బావమరిది దశరథ రైసు మిల్లు ఆఫీసులో కలుసుకున్నారు. మహేష్ మాట నెమ్మది.

“అన్నగారూ, మీరు పోరాడండి, నేను కాదనను. కానీ లైసెన్సు ఈ వార్డుకే ఇచ్చారండీ. ఇక్కడి నుంచి వేరే చోటికి పట్టుకెళ్లడానికి లేదు. మీరే ఒక దారి చూపించాలి,” అన్నాడు.

తాను మాట ఇచ్చింది కాలనీ గురించి అనీ, కాలనీలో ప్రాణం పోయినా ఒప్పుకోననీ జగదీశ్ గారు నిష్కర్షగా చెప్పారు. మహేష్ తల దించుకున్నాడు. అప్పటిదాకా ఫోన్‌లో వడ్ల రేటు మాట్లాడుతున్న దశరథ ఫోన్ పక్కన పెట్టాడు.

“నాలా ఆడికి కాలనీ ఖతమైతది గద బావా, వార్డు గాదు,” అన్నాడు.

జగదీశ్ గారు కళ్లు మూసుకుని దీర్ఘంగా ఆలోచించారు. నాటుకోడి కూర వచ్చేదాకా ఆలోచించారు. ఒక్క చుక్క కూడా కాలనీలో పడదు. తాను ఏ అక్షరమైతే అన్నాడో ఆ అక్షరం నిలబడుతుంది. ఈ రోజుల్లో ఇచ్చిన మాటను ఇంత కచ్చితంగా, కొలత వేసినట్టు నిలబెట్టుకునే నాయకుడు తానొక్కడేనేమో అనిపించి ఆయనకు మనసు నిండిపోయింది.

అభ్యంతరాలు వినడానికి ఆబ్కారీ అధికారి ఒకరు కమ్యూనిటీ హాలుకు వచ్చారు. ప్రజల మనోభావాలను గౌరవించి ఆదర్శ కాలనీలో దుకాణాన్ని రద్దు చేస్తున్నట్టు చెప్పారు. చప్పట్లు మోగాయి. దుకాణం నాలా అవతలికి మారుతుందని చెప్పారు. చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. వెనక వరుసలో సువార్తమ్మ లేచి నిలబడింది.

“నాలా అవతలంటే మా లైనే గద సారూ. మేం వద్దని సంతకాలు పెట్టలేదా?”

“పెట్టారమ్మా,” అన్నారు అధికారి మర్యాదగా. “కాలనీలో వద్దని పెట్టారు. అది మన్నించాం. మీ లైన్‌లో వద్దని ఎవరూ పెట్టలేదు.”

“గట్లయితే ఇప్పుడు పెడ్తం.”

“గడువు నిన్నటితో అయిపోయింది.”

సువార్తమ్మ జగదీశ్ గారి వైపు చూసింది. ఆయన ఆ సమయంలో ఫ్యాను వైపు చూస్తున్నారు. ఫ్యానులో చూడదగింది చాలా ఉన్నట్టుంది, చాలాసేపు చూశారు. ఆ తర్వాత విజయోత్సవం జరిగింది. ఉద్యమంలో మహిళల పాత్రను కొనియాడుతూ జగదీశ్ గారు సువార్తమ్మకు శాలువా కప్పారు. ఆమె దాన్ని మడతపెట్టి కుర్చీ మీద పెట్టి వెళ్లిపోయింది. నిరాడంబరతకు ఇది ఉదాహరణ అని శంకరయ్య గారు మైకులో అన్నారు.

లహరి ఫ్యామిలీ మార్ట్ అండ్ వైన్స్ ఇందిరమ్మ లైన్ మొదట్లో తెరుచుకుంది. సువార్తమ్మ జగదీశ్ గారింటికి వచ్చి, వాకిట్లోనే నిలబడి, కొడుకు ఇంట్లో నుంచి బయటికి అడుగు పెడితే ఎదురుగా అదే కనపడుతోందని చెప్పింది. ఆయన చలించిపోయారు. అప్పటికప్పుడు మహేష్‌కు ఫోన్ చేసి, సుధీర్‌కు ఆ షాపులోనే పెట్టెలు దించే పని ఇప్పించారు. నిరుద్యోగ యువకుడికి ఉపాధి అని పేపర్లో వచ్చింది. మొదటి వారం సుధీర్ పెట్టెలు దించి నేరుగా ఇంటికి పోయాడు. పండుగ ముందు సరుకు ఎక్కువ వచ్చిన రోజున ఇంటికి పోలేదు. ఆ తర్వాత పోయినా ఎవరో ఒకరు మోసుకొస్తే పోయాడు.

కాలనీకి కూడా కష్టాలు వచ్చాయి. పెద్దమనుషులకు డాక్టర్లు నడవమని చెప్పడం వల్ల సాయంత్రం పూట నాలా మీది చిన్న వంతెన దాటి నడిచేవారు. తిరిగొచ్చేటప్పుడు సంచిలోంచి కరివేపాకు పైకి కనపడేట్టు పట్టుకునేవారు. కాలనీలో కరివేపాకు వాడకం ఎన్నడూ లేనంత పెరిగింది. కానీ అక్కడ కూలి నుంచి వచ్చినవాళ్ల మధ్య నిలబడాల్సి వస్తోందనీ, తాను చదువు చెప్పిన పిల్లలే వెనక నుంచి సారూ జర జరుగుర్రి అంటున్నారనీ శంకరయ్య గారు జగదీశ్ గారి దగ్గర బాధపడ్డారు. పాల ప్యాకెట్ కోసమే వెళ్లానని కూడా చెప్పారు.

జగదీశ్ గారు ప్రచారానికి ఫ్లెక్సీలు కూడా కొట్టించి పెట్టుకున్నారు. అప్పుడు వార్డుల రిజర్వేషన్లు వచ్చాయి. ఆయన వార్డు ఎస్సీ మహిళకు పోయింది. ఆ రోజంతా ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. యాదమ్మ సోడా తెచ్చి ఇచ్చినా తాగలేదు. కానీ ప్రజాసేవ చేసేవాడికి పడుకునే హక్కు లేదు. సువార్తమ్మ చర్చికి పోయినా సర్టిఫికెట్‌లో ఎస్సీ అనే ఉంటుందని గుర్తొచ్చి తెల్లారగానే లేచి, స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని నాలా దాటారు.

సువార్తమ్మ గడప మీద కూర్చుని ఉంది. సుధీర్ వాకిట్లో అడ్డంగా పడి నిద్రపోతున్నాడు. జగదీశ్ గారు అతని మీదుగా జాగ్రత్తగా దాటి గడప దగ్గరికి వచ్చారు. ఆమెను అమ్మా అని పిలిచారు. మద్యానికి ఎదురు నిలిచిన వీరమహిళగా పార్టీ ఆమెను గుర్తించిందనీ, నామినేషన్ ఖర్చులూ ప్రచారమూ అన్నీ తాను చూసుకుంటాననీ, గెలిచాక సంతకాలు పెడితే చాలనీ, మిగతా భారమంతా తన భుజాల మీద వేసుకుంటాననీ చెప్పారు.

ఆమె కొడుకు మీద వాలుతున్న ఈగలను కొంగుతో తోలుతూ వింది. అంతా అయ్యాక ఒక్కటే అడిగింది.

“గెలిస్తే షాపును జరపొచ్చునా పటేలా?”

“కౌన్సిలర్ సంతకం అంటే మాటలా అమ్మా? నువ్వు పెడ్తే జరుగుతది.”

“ఏడికన్న జరపొచ్చా?”

జగదీశ్ గారికి టిఫిన్ వేళ దాటిపోతోంది. “ఏడికన్న,” అన్నారు.

“అయితే నిలవడ్త,” అని ఆమె లేచింది.

ప్రచారం ఘనంగా జరిగింది. ఫ్లెక్సీల్లో జగదీశ్ గారు నిలువెత్తున చేతులు జోడించి నిలబడ్డారు. కింద మూలలో అభ్యర్థి ఫోటో కూడా వేశారు. ఆమె పనికి పోయే ఆటోలోనే ప్రచారానికి తిరిగింది, అందరికీ దండం పెట్టింది, ఏమీ మాట్లాడలేదు. ఇంత వినయమున్న అభ్యర్థి ఈ జిల్లాలోనే లేదని జగదీశ్ గారు విలేకరులకు చెప్పారు. చివరి సభ ఆదర్శ కాలనీ కమ్యూనిటీ హాల్లో పెట్టారు. అక్కడ చదవడానికి ఆయనే ఒక ఉపన్యాసం రాసి ఇచ్చారు. అందులో తన గురించి రాసుకున్న భాగాన్ని ఆయనే రెండుసార్లు చదువుకున్నారు.

సువార్తమ్మ మైకు దగ్గరికి వచ్చి, ఆ కాగితాన్ని పట్టుకోమని జగదీశ్ గారి చేతికే ఇచ్చింది.

“మా లైన్ల షాపు మాకొద్దు,” అంది. “మీరు గూడ గంత దూరం నడుసుకుంట వస్తున్నరు, మా నడుమ నిలవడుడు మీకు కష్టమైతంది, నేను సూస్తనే ఉన్న. నాకు ఓటెయ్యుర్రి. గెలిస్తే దాన్ని మళ్ల మొదటి జాగకే తెస్త, మీ కాలనీలకే. మీరు సదువుకున్నోళ్లు, పద్ధతి తోటి తాగుతరు. మా పోరగాండ్లకు నడుమ నాలా అన్న ఉంటది.”

మైకు పక్కకు పెట్టి వచ్చి కూర్చుంది.

ముందుగా శంకరయ్య గారు లేచారు. ఇది కాలనీ ఆత్మగౌరవం మీద దాడి అన్నారు. బ్యాంకు ఆఫీసరు, బీమా ఏజెంటు, కంప్యూటర్ కుర్రాడు ఒకరి తర్వాత ఒకరు లేచి తీవ్రంగా ఖండించారు. ఈ అభ్యర్థికి కాలనీ నుంచి ఒక్క ఓటు కూడా పడకూడదని తీర్మానం పెట్టారు. చేతులెత్తమంటే హాలంతా చేతులెత్తింది. జగదీశ్ గారి చేయి కూడా అలవాటు కొద్దీ లేచింది. పక్కనున్న అనుచరుడు పట్టుకుని దించాడు.

ఆయన ఇంటికి పోయి జ్వరం తెచ్చుకున్నారు. అభ్యర్థి మాట తడబడిందనీ, దాన్ని మద్యానికి వ్యతిరేకంగానే అర్థం చేసుకోవాలనీ మంచంలోంచే ప్రకటన ఇచ్చారు. పోలింగ్ రోజు కాలనీవాళ్లు పొద్దున్నే స్నానాలు చేసి, వరుసల్లో నిలబడి, గంభీరంగా ఓట్లు వేశారు. పోయేటప్పుడు చాలామంది జగదీశ్ గారింటికి వచ్చి పరామర్శించారు. మా ఓటు పడలేదని బాధపడొద్దు, సిద్ధాంతం సిద్ధాంతమే అని ఓదార్చారు.

లెక్కింపు రోజు ఆయన దుప్పటి కప్పుకునే వెళ్లారు. ముందు ఇందిరమ్మ లైన్ బూత్ తెరిచారు. సువార్తమ్మ కొద్ది ఓట్లతో ముందుకొచ్చింది. కాలనీ బూత్ పెట్టె తెస్తుంటే జగదీశ్ గారు కళ్లు మూసుకున్నారు. లెక్కించేవాళ్లు కట్టలు కట్టడం మొదలుపెట్టి, కట్టలు కడుతూనే ఉన్నారు. ప్రత్యర్థి తరఫు ఏజెంటు మరోసారి లెక్కపెట్టమన్నాడు. మరోసారి లెక్కపెట్టారు. కమ్యూనిటీ హాలు బూత్‌లో సువార్తమ్మకు వచ్చిన మెజారిటీ ఆ ఊళ్లో ఏ వార్డులో ఏ బూత్‌లోనూ ఎవరికీ రాలేదు.

జగదీశ్ గారు దుప్పటి తీసి అనుచరుడికి ఇచ్చి, జుట్టు సరిచేసుకుని విలేకరుల ముందుకు వచ్చారు. ఆదర్శ కాలనీ ప్రజలు మద్యానికి వ్యతిరేకంగా చారిత్రక తీర్పు ఇచ్చారని ప్రకటించారు. పూలదండ పట్టుకుని పరుగున వచ్చిన శంకరయ్య గారు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత దండతోనే సువార్తమ్మ పక్కకు జరిగి, ప్రమాణ స్వీకారం ఎప్పుడు, పని ఎప్పటి నుంచి మొదలుపెడతావమ్మా అని మెల్లగా అడిగారు.